రైలు కూత వినబడేంత దూరం: కాజీపేటలో ఒక అపార్ట్‌మెంట్ ప్రతిపాదనను తూచిన విధం

2025 మొదట్లో హన్మకొండలోని ఒక పొదుపు, పరపతి సంఘం కార్యదర్శి మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో నిగనిగలాడే బ్రోచర్. కాజీపేట జంక్షన్ దగ్గర ఎకరా 20 గుంటల్లో 120 ఫ్లాట్లు, స్టిల్ట్ (కింద స్తంభాలే ఉండే పార్కింగ్ అంతస్తు) మీద 5 అంతస్తులు, కింద సెల్లార్. అన్నీ డబుల్ బెడ్‌రూంలే. సంఘంలో 40 మంది ఒకేసారి బుక్ చేస్తే రేటు తగ్గిస్తానని బిల్డర్ మాటిచ్చాడట. "అన్నా, మావోళ్ళంతా టెన్షన్ల ఉన్నరు. ఆఫర్ పదిహేను రోజులేనంట. నువ్వు ఒక్కపారి చూసి మంచిదా కాదా చెప్పు" అన్నాడు.

మంచిదా కాదా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. సివిల్ ఇంజనీరుగా, ఆస్తుల విలువ కట్టే వాల్యుయర్‌గా 19 ఏళ్ళ నుంచి చేస్తున్న పని ఇది. స్థలం మంచిదైనా కొందరికి పనికిరాదు, మామూలు స్థలమైనా కొందరికి సరిగ్గా సరిపోతుంది. ఎవరికి, ఏ జీతానికి, ఏ పనివేళలకు అన్నది తేలితే తప్ప లెక్క మొదలుకాదు. అందుకే ముందు కొనాలనుకుంటున్నవాళ్ళ జాబితా అడిగాను. 31 మంది మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ప్రైవేటు టీచర్లు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్ళు, మెడికల్ రెప్‌లు, ఒకరిద్దరు కాంట్రాక్టు ఉద్యోగులు. ఇద్దరి జీతాలు కలిపితే నెలకు 40 వేల నుంచి 65 వేల మధ్య వచ్చే ఇళ్ళు.

బ్రోచర్‌లో పెద్దక్షరాలతో ఉన్నవి రెండు మాటలు: "అందరికీ అందుబాటు ధర", "రైల్వే స్టేషన్ 600 మీటర్లు". ఈ రెండింటినే పట్టుకున్నాను.

600 మీటర్ల సంగతి

మొదటిసారి బిల్డర్ కారులో వెళ్ళాం. సైట్ పక్కనున్న రెండంతస్తుల ఇంటి డాబా ఎక్కించి వేలు చూపించాడు. "గదే సార్ స్టేషన్. రైలు కూత ఇనబడ్తది." నిజమే, ప్లాట్‌ఫాం రేకులు కనబడ్డాయి. ఫోన్‌లో మ్యాప్ తీస్తే గీత 600 మీటర్లే చూపించింది. ఆ రాత్రి రాసుకున్న మొదటి డ్రాఫ్టులో నేను కూడా 600 అనే వేశాను. ఇది ఒప్పుకోవాలి.

తెల్లారి అనుమానమొచ్చి బండి ఇంట్లో పెట్టి, చీకటి ఉండగానే ఉదయం 5:10కి సైట్ గేటు దగ్గర నుంచి నడవడం మొదలుపెట్టాను. భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా ఉన్న చిన్న సంచి. రోజూ రైలెక్కే మనిషికి ఉండే బరువే. కాజీపేటను పట్టాలు నిలువునా కోస్తాయని ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఒక్కసారి ఇరుక్కుంటే చాలు, తెలిసిపోతుంది. ఈ స్థలం పట్టాలకు స్టేషన్ ద్వారం లేని వైపు ఉంది. వంతెన ఎక్కి, దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి స్టేషన్ ముందుకు చేరేసరికి 1.9 కిలోమీటర్లు. నాకు 24 నిమిషాలు పట్టింది. వంతెన మీద కొంత దూరం ఫుట్‌పాత్ లేదు. లారీ వస్తే గోడకు అతుక్కుని నిలబడ్డాను.

దారిలో ఇంకోటి కనబడింది. కాలనీ చివర ప్రహరీ ఒక మనిషి ఒరిగి దూరేంత విరిగి ఉంది. అవతల పట్టాల మీద కంకర ఒక చారలాగా అణిగి, నున్నగా అయిపోయింది. ఏళ్ళ తరబడి చెప్పులు రుద్దితేనే అలా అవుతుంది. నేను చూస్తుండగానే ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కొడుకు చేయి పట్టి దాటించి, అటూ ఇటూ చూసి మళ్ళీ ఇవతలికి వచ్చింది. బిల్డర్ చెప్పిన 600 మీటర్లు ఈ దారివే. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం. జరిమానా సంగతి తర్వాత, అది జంక్షన్ యార్డు. ఎటునుంచి ఏ బండి వస్తుందో చెప్పలేం. 120 కుటుంబాలను ఆ కంత వైపు తోసే ప్రాజెక్టుకు దగ్గరితనం అని పేరు పెట్టి మార్కులు వేయలేను. రిపోర్టులో 600 కొట్టేసి 1,900 అని రాశాను.

బిల్డర్‌కు ఫోన్ చేసి చెప్తే, "రేపో మాపో ఫుట్ ఓవర్ బ్రిడ్జి పడ్తది సార్, ఎంపీ సాబ్‌తోని మాట్లాడినం" అన్నాడు. మంజూరు కాగితం పంపమన్నాను. ఇప్పటిదాకా రాలేదు. నా దగ్గర రూల్ ఒకటే: కాగితం ఉన్నదానికే విలువ. బ్రోచర్ చివరి పేజీలో మామునూరు ఎయిర్‌పోర్టు ఉంది, అయోధ్యాపురంలో 2023 జులైలో ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే తయారీ యూనిట్ ఉంది, ఊరికి ఆ చివర ఉన్న టెక్స్‌టైల్ పార్కు కూడా ఉంది. ఇవన్నీ ఊరికి మేలే. కానీ బట్టల షాపులో పనిచేసే మనిషి నెల నెలా కట్టే కిస్తీని విమానం వచ్చి తగ్గించదు. వాటికి సున్నా వేశాను.

అసలు దగ్గర ఉన్నది బస్సు

తిరిగొచ్చేటప్పుడు దాహమై ఒక చాయ్ డబ్బా దగ్గర ఆగాను. అక్కడే సిటీ బస్సు ఆగింది. గేటు నుంచి ఆ స్టాపుకు టేపు పెడితే 350 మీటర్లు, 5 నిమిషాల నడక, మధ్యలో పట్టాలు లేవు. బ్రోచర్‌లో ఈ స్టాపు ఊసే లేదు. బిల్డర్ దృష్టిలో బస్సు పేదోళ్ళ బండి, రైలంటే స్టేటస్ కాబోలు.

31 మందిని అడిగితే రోజూ రైలెక్కేవాళ్ళు 6 గురే. భువనగిరి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు వెళ్ళేవాళ్ళు. 17 మంది ఇళ్ళల్లో కనీసం ఒకరు సిటీ బస్సు మీదే ఆధారపడ్డారు. ఎన్ఐటీ, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ పోయే దారే వీళ్ళ జీవనాడి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కదా, దాంతో లెక్క పూర్తిగా మారిపోయింది. అంతకు ముందు షేర్ ఆటోకు పోయే డబ్బులు ఇప్పుడు మిగులుతున్నాయి. ఇంట్లో సంపాదించే ఆడమనిషి ఉంటే ఈ 350 మీటర్లు ఆ 1,900 మీటర్ల కన్నా విలువైనవి.

ఒక మంగళవారం ఆ చాయ్ డబ్బా బల్ల మీద కూర్చుని బస్సులు లెక్కపెట్టాను. ఉదయం 7 నుంచి 10 దాకా రెండు వైపులా కలిపి 23. కొన్ని నిండి ఆగకుండా పోయాయి, అవి కూడా ఈ లెక్కలో ఉన్నాయి. బాగానే ఉంది. రాత్రి 8:30 తర్వాత మళ్ళీ వెళ్ళి 10 దాకా కూర్చున్నాను. రెండే వచ్చాయి. రెండోది 9:05కి. తర్వాత కుక్కలు, నేను, చాయ్ డబ్బా ఆయన.

ఇది ఎందుకు ముఖ్యమంటే, జాబితాలో ఒక చెల్లెలు ఉంది. చౌరస్తాలోని బట్టల షాపులో సేల్స్‌లో పని. భర్త భువనగిరి వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఇద్దరిదీ కలిపి 52 వేలు. ఈ కేసులో నేను ప్రతి లెక్కనూ ఈ ఇంటి మీదే వేసి చూశాను. ఆమె ఫ్లాట్ ప్లాన్ చూడలేదు, టైల్స్ అడగలేదు. ఒక్కటే అడిగింది: "షాపు మూసేసరికి తొమ్మిదిన్నర అయితది సార్. అప్పుడు బస్సు ఉంటదా?" ఉండదని చెప్పాల్సి వచ్చింది. పండగ సీజన్‌లో ఆ షాపు పదిన్నరకు గానీ మూయరట.

స్టేషన్ పేరుతో పడ్డ 300 రూపాయలు

బిల్డర్ రేటు చదరపు అడుగుకు 3,400. అక్కడికి రెండు, మూడు కిలోమీటర్ల లోపల, అదే రకం కట్టడం, అదే వయసు ఉన్న ఆరు అమ్మకాలు చూశాను. సగటు 3,100 దగ్గర తేలింది. అంటే స్టేషన్ పేరు మీద 300 ఎక్కువ. 1,050 అడుగుల ఫ్లాట్‌కు ఇది 3 లక్షల 15 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ళ అప్పు అనుకుంటే లక్షకు నెలకు 868 కిస్తీ పడుతుంది. ఆ లెక్కన స్టేషన్ పేరుకు నెలకు 2,734 రూపాయలు.

బదులుగా వచ్చేదేమిటి? ఆ సూపర్‌వైజర్ ఇప్పుడు హన్మకొండ నుంచి స్టేషన్‌కు 7 కిలోమీటర్లు బండి మీద వస్తాడు. నెలకు 26 రోజులు, రానూపోనూ 364 కిలోమీటర్లు. లీటరుకు 50 వస్తుందనుకుని, లీటరు 107 వేస్తే 780 రూపాయల పెట్రోలు. స్టాండుకు 400. మొత్తం 1,180. కొత్త ఫ్లాట్ నుంచి వంతెన మీదుగా బండి మీదే పోతే పెట్రోలు 210, స్టాండు అదే 400. మిగిలేది నెలకు 570 రూపాయలు. 570 మిగుల్చుకోవడానికి 2,734 కట్టమంటున్నారన్నమాట. ఈ రెండు అంకెలను రిపోర్టు మొదటి పేజీలోనే పక్కపక్కన వేశాను. సంఘంలో అందరూ చదివింది ఆ పేజీ ఒక్కటేనని తర్వాత తెలిసింది.

అందుబాటు ధర ఎవరికి అందుతోంది

బ్రోచర్ మీద ధర 35.7 లక్షలు. అది 3,400 ఇంటూ 1,050. కార్ పార్కింగ్ లక్షన్నర, అందరూ తీసుకోవాల్సిందే. నీళ్ళు, కరెంటు, జనరేటర్ కలిపి ఇంకో లక్షన్నర. 38.7 అయింది. జీఎస్టీ ఒక శాతం. వరంగల్ మెట్రో నగరాల జాబితాలో లేదు కాబట్టి కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) 90 చదరపు మీటర్ల లోపు, మొత్తం ధర 45 లక్షల లోపు ఉంటే ఒక శాతమే, దాటితే 5. ఈ ఫ్లాట్ కార్పెట్ 760 అడుగులు, అంటే 70 మీటర్ల పైచిలుకు. అక్కడ ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, 2.9 లక్షలు. చేతికి తాళం వచ్చేసరికి 42 లక్షలు.

ఆ చెల్లెలి ఇంట్లో చిట్టీ ఎత్తి, ఊళ్ళో ప్లాటు అమ్మితే వచ్చేది 12 లక్షలు. మిగతా 30 అప్పు. కిస్తీ 26,040. 52 వేల జీతంలో సరిగ్గా సగం. మీద మెయింటెనెన్స్, పిల్లల ఫీజు. ఇప్పుడు కట్టే కిరాయి 8 వేలు.

ఇంకా బాధ కలిగించిన విషయం వేరే ఉంది. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ ఉంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు లేనివాళ్ళకు, అప్పులో మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, గరిష్ఠంగా లక్షా 80 వేలు, ఐదేళ్ళలో విడతలుగా. షరతులు రెండు: ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, అప్పు 25 లక్షలు దాటకూడదు. ఈ ఫ్లాట్ రెండూ దాటింది. ఈ రాయితీ ఎవరికోసం పెట్టారో సరిగ్గా ఆ జీతాలవాళ్ళకే అమ్ముతూ, వాళ్ళకు రాకుండా ధర పెట్టారు. బిల్డర్ కావాలని చేశాడని అనను. ఆయనకు ఆ హద్దు సంగతే తెలియదు.

ఎక్కడ కోయాలో ప్లాన్ చూస్తే తెలిసింది: సెల్లార్. 31 ఇళ్ళలో కారు ఉన్నవి 4. రూల్ ప్రకారం కావాల్సిన పార్కింగ్ స్టిల్ట్‌లోనే సరిపోతుందని ఆర్కిటెక్టే ఒప్పుకున్నాడు. సెల్లార్ ఎందుకయ్యా అంటే, "ప్రతి ఫ్లాట్‌కు కార్ పార్కింగ్ అని రాస్తేనే అమ్ముడుపోతయి సార్". బస్సుకు దగ్గరని ఇల్లు కొనేవాడి చేత లేని కారుకు చోటు కొనిపించడం అన్నమాట. అడిగితే ఇంకో మాట కూడా చెప్పాను: ఆరుబయట పార్కింగ్, బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తి, దాన్ని విడిగా అమ్మడం కుదరదు.

సెల్లార్ తవ్వడం కూడా తేలిక కాదు. ట్రయల్ గుంత తీయిస్తే రెండున్నర మీటర్ల కింద గట్టి బండ తగిలింది. ఓరుగల్లు పేరే ఒంటిరాయి నుంచి వచ్చిందంటారు కదా, ఇక్కడ పునాది తీసే ప్రతివాడికీ ఆ పేరు గుర్తొస్తుంది. పట్టాల పక్కన మందుగుండు పెట్టి పేల్చే మాటే లేదు, బ్రేకర్‌తో నెలల తరబడి కొట్టాలి. ఆ ఖర్చంతా తిరిగి తిరిగి 120 ఫ్లాట్ల మీద పడుతుంది.

నాలా

మన దగ్గర నాలా అంటే రెండు. ఒకటి కాగితం మీదిది, సాగు భూమిని ఇళ్ళ స్థలంగా మార్చే నాలా కన్వర్షన్. ఇంకోటి నీళ్ళది. మొదటిది బిల్డర్ శ్రద్ధగా చేయించాడు. అప్పటి భూరికార్డుల పోర్టల్ ధరణిలో పేరు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) అన్నీ బాగున్నాయి, భూమి హక్కు విషయంలో నాకు ఒక్క కొర్రీ దొరకలేదు. రెండోదాన్ని మర్చిపోయాడు.

స్థలం వెనక తుమ్మ చెట్ల మధ్య మురికి కాలువ లాంటిది ఒకటి పారుతోంది. ప్లాన్‌లో దాని వెడల్పు 6 మీటర్లు అని గీశారు. నాలా 10 మీటర్ల లోపు వెడల్పు ఉంటే 2 మీటర్లు వదిలి కట్టుకోవచ్చు. 10 దాటితే 9 మీటర్లు వదలాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌లోని మాట ఇది. నేను గ్రామ నక్ష (ఊరి పటం), టిప్పన్ (సర్వే కొలతల పటం) తీయించి సర్వేయర్‌తో కొలిపిస్తే, రికార్డులో ఆ వాగు వెడల్పు ఒక్క చోట కూడా 11 మీటర్లకు తగ్గలేదు. మిగతాది పూడిపోయింది, కొంత పక్కవాళ్ళ గోడల్లో కలిసిపోయింది. పై చెరువు నిండితే అలుగు నీళ్ళు వచ్చే దారి అది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గొప్పతనం మనం ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం, ఆ గొలుసు లంకెల మీద మాత్రం గోడలు కడతాం.

పక్కింటి పెద్దాయన్ని అడిగాను, 2020 ఆగస్టులో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. ఆయన మాట్లాడకుండా లోపలికి తీసుకెళ్ళి వంటింటి గోడ చూపించాడు. రెండుసార్లు సున్నం వేసినా గోధుమరంగు గీత ఉబికి కనబడుతోంది, నా మోకాలి పైకి. "ఇది ఇరవైల వచ్చింది. ఇరవై మూడు జులైల ఇంతకన్న జానెడు కింద ఆగింది" అన్నాడు. ఆ గీత నుంచి లెవెల్ పెట్టి సైట్‌కు మోస్తే, ప్రతిపాదించిన సెల్లార్ ర్యాంపు నోరు దానికన్నా 30 సెంటీమీటర్లు కిందే ఉంది. వాన పడితే ఆ సెల్లార్ ఒక కుంట. మోటార్లు, లిఫ్ట్ గుంతలు, కరెంటు ప్యానెళ్ళు అన్నీ అందులోనే గీశారు.

నాలా వైపు హద్దు పొడవు 82 మీటర్లు. 2 మీటర్ల బదులు 9 వదిలితే అదనంగా పోయేది 574 చదరపు మీటర్లు, సుమారు 686 గజాలు. ఎలాగూ సెట్‌బ్యాక్ వదలాల్సిందే కాబట్టి అదంతా నష్టం కాదు, కానీ వెనక బ్లాక్ జరపాలి. బిల్డర్ ముఖం మాడిపోయింది. "పక్కోళ్ళు అందరు కట్టుకున్నరు గద సార్." కట్టుకున్నారు, వాళ్ళ వంటింటి గోడ చూశాను.

పట్టాల వైపు సంగతి పెద్దగా లేదు. రైల్వే హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, లేదంటే అభ్యంతరం లేదని రైల్వే ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ 41 ఉంది. అయినా కాజీపేట నుంచి బల్లార్ష వైపు, విజయవాడ వైపు మూడో లైన్ పనులు ఉన్నాయి కనుక హద్దు రాళ్ళు ఎక్కడున్నాయో రైల్వే నుంచే రాసి తెచ్చుకోమన్నాను. రాత్రి రెండు గంటలకు బొగ్గు బండి పోతుంటే చాయ్ డబ్బా రేకు గడగడలాడింది. పట్టాల వైపు బెడ్‌రూంలు పెట్టొద్దు, మెట్లు, లిఫ్టులు అటు తిప్పమన్నాను. ఆర్కిటెక్టు వెంటనే ఒప్పుకున్నాడు.

నీళ్ళ లెక్క: మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి నాలుగున్నర మంది చొప్పున 120 ఫ్లాట్లకు దాదాపు 73 వేల లీటర్లు. రెండు బోర్లు బాగానే పోస్తున్నాయి, జనవరిలో. ఏప్రిల్ ఆఖరులో మళ్ళీ పరీక్షించి ఆ కాగితం ఒప్పందానికి జత చేయాలని రాశాను.

తిరిగి గీసిన ఫ్లాట్

సంఘం తరఫున నేను అడిగినవి ఇవీ: సెల్లార్ తీసేయాలి, ఫ్లాట్ చిన్నది చేయాలి, కారు లేనివాళ్ళ దగ్గర పార్కింగ్ డబ్బులు తీసుకోవద్దు, 9 మీటర్ల నాలా హద్దు చూపించి కొత్త ప్లాన్ పెట్టాలి, స్టేషన్ పేరు మీద వేసిన 300 తగ్గించాలి. వీటన్నిటికన్నా ముందు, రెరా నంబర్ రాకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దని సంఘానికే చెప్పాను. ఆ పదిహేను రోజుల ఆఫర్ ప్రీలాంచ్ ఆఫర్. రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం రెరా చట్టం ప్రకారం చెల్లదు. తర్వాత కూడా రాతపూర్వక అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి. వీళ్ళల్లో 5 గురు అప్పటికే తలా 50 వేలు ఇచ్చేశారు, రశీదు మీద "హ్యాండ్ లోన్" అని ఉంది. ఆ మాట చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బిల్డర్ మొండిమనిషి కాదు. మూడుసార్లు కూర్చున్నాం. చిన్న ఫ్లాట్ అనగానే, "చిన్నదైనా కిచెన్ ఒకటే, బాత్రూంలు రెండే. ఖర్చు ఏం తగ్గుతది?" అన్నాడు. నిజమే. అడుగు లెక్కన చూస్తే చిన్న ఫ్లాట్‌కు కట్టుబడి ఎక్కువే పడుతుంది. కానీ సెల్లార్ పోతే మిగిలేది అంతకన్నా ఎక్కువ, బ్రేకర్ కిరాయి, రిటైనింగ్ వాల్, వాటర్‌ప్రూఫింగ్ లెక్కలు కాగితం మీద పెట్టాక ఒప్పుకున్నాడు.

880 అడుగుల ఫ్లాట్, కార్పెట్ 640. హాలు, వంటిల్లు అంతే ఉన్నాయి. ఒక బాల్కనీ, డైనింగ్ దగ్గర ఎందుకున్నదో తెలియని ఒక మూల పోయాయి. అదే 3,400 రేటు మీదే లెక్క వేశాను. 29.92 లక్షలు. నీళ్ళు, కరెంటుకు లక్షన్నర కలిపితే 31.42. జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌తో 34 లక్షల 9 వేలు. అదే 12 లక్షలు చేతిలోంచి పెడితే అప్పు 22 లక్షలు, కిస్తీ 19,096. జీతంలో 37 శాతం. 26,040 నుంచి దాదాపు 7 వేలు దిగింది. ఇల్లు 35 లోపు, అప్పు 25 లోపు, రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ రాయితీని మాత్రం లెక్కలో కలపలేదు. మంజూరైతే లాభం, అంతే.

37 శాతం కూడా నా మనసుకు ఎక్కువే. ప్రైవేటు జీతం ఒక నెల ఆలస్యమైతే ఏంటి అన్నది ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. మూడు నెలల కిస్తీ బ్యాంకులో పక్కన పెట్టుకోగలిగినవాళ్ళే దిగాలని రాశాను. ఆ వాక్యం మీద కార్యదర్శికి, నాకు కొంచెం గొడవైంది. "గట్ల రాస్తే సగంమంది ఎనుకకు పోతరన్నా." పోతే పోనీ అన్నాను. 40 మందిని కూడగడితేనే రేటు తగ్గుతుందన్న ఆత్రం ఆయనది, అందులో తప్పులేదు కూడా.

ఏమైంది

సెల్లార్ పోయింది. నాలా హద్దుతో కొత్త ప్లాన్ పెట్టారు, ఫ్లాట్లు 124 అయ్యాయి. కారు పార్కింగ్ అడిగినవాళ్ళకే. స్టేషన్ పేరు మీది 300లో 100 మాత్రం తగ్గించాడు, మిగతా 200 కోసం గట్టిగా పట్టుబట్టలేకపోయాం. సంఘంలో 40 మందిలో 26 మంది మిగిలారు. ఆ 5 గురి "హ్యాండ్ లోన్" డబ్బులు నాలుగు నెలలకు తిరిగొచ్చాయి.

రాత్రి బస్సు కోసం సంఘం వాళ్ళు డిపోకు అర్జీ పెట్టారు. నేను చాయ్ డబ్బా దగ్గర కూర్చుని రాసుకున్న బస్సుల పట్టిక దానికి జత చేశాను. జనం ఉంటే బస్సు వేస్తాం అన్నారు. జనం రావాలంటే బస్సు ఉండాలి కదా అని ఆ చెల్లెలు అక్కడే అడిగేసిందట.

ఆమె ఫ్లాట్ తీసుకోలేదు. చౌరస్తా నుంచి నడిచిపోయేంత దూరంలో ఇంకో పోర్షన్‌కు మారారు, కిరాయి వెయ్యి ఎక్కువ. భర్తకు స్టేషన్ దూరం అలాగే ఉంది. "ఆయన పొద్దున పోతడు సార్, వెలుతురు ఉంటది. నాది రాత్రి" అంది ఫోన్‌లో.

మొన్న అటువైపు వెళ్తే సైట్‌లో పిల్లర్లు లేస్తున్నాయి. కొత్త బ్రోచర్‌లో "బస్ స్టాప్ 5 నిమిషాలు" అని వేశారు. మెయిన్ రోడ్డు మీది హోర్డింగ్ మాత్రం పాతదే, రైలింజన్ బొమ్మతో, 600 మీటర్లతో. మార్చవా అని అడిగితే, "ఎండకు ఎట్లనో చినిగిపోతది గద సార్, అప్పుడు మార్పిస్త" అన్నాడు.